ఒక హిట్టు పాట, పక్కన సినిమా పాటలు: 'బర్నింగ్ లవ్' చౌక ఎల్పీని పరిశీలించి కొనడం, శ్రద్ధగా వినడం ఎలా

1972 నవంబరులో అమెరికాలోని ఆర్‌సీఏ సంస్థ, తక్కువ ధర రికార్డుల కోసం నడిపే క్యామ్డెన్ అనే లేబుల్ మీద అమెరికన్ రాక్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ పాడిన పది పాటలతో ఒక ఎల్పీని, అంటే రెండు వైపులా పాటలుండే పెద్ద వినైల్ రికార్డును, విడుదల చేసింది. దాని పూర్తి పేరు 'బర్నింగ్ లవ్ అండ్ హిట్స్ ఫ్రమ్ హిజ్ మూవీస్, వాల్యూమ్ 2'. ఆ పదింటిలో రెండు అదే సంవత్సరం మార్చిలో రికార్డు చేసిన కొత్త పాటలు. మిగిలిన ఎనిమిది 1960 నుంచి 1967 దాకా వచ్చిన ఆయన సినిమాలలోనివి. బాగా ఆడిన ఒక పాటను ముందు పెట్టి, దాని వెనుక పాత సినిమా పాటలను చేర్చి, తక్కువ ధరకు అమ్మే సంకలనాలకు ఇది చక్కటి ఉదాహరణ. ఒక వైపు జనం కోరుకునే సినిమా పాటలు, రెండో వైపు అంతగా తెలియని మరో సినిమా పాటలు నింపిన క్యాసెట్లను కొని విన్న తెలుగు శ్రోతలకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు.

ఇటువంటి రికార్డును కొన్నవారిలో చాలామంది మొదటి పాటను పదిసార్లు వింటారు, తక్కిన తొమ్మిదింటినీ ఒక్కసారి విని పక్కన పెడతారు. ఆ తొమ్మిది పాటలు ఎక్కడివో, ఎందుకు అక్కడికి చేరాయో తెలుసుకుని వింటే ఈ చౌక ఎల్పీ ఖరీదైన ఆల్బమ్‌కు తీసిపోని తృప్తినిస్తుందని నా నమ్మకం. అందుకు ఏం చేయాలో, కొనేటప్పుడు దేన్ని చూడాలో ఇక్కడ వివరిస్తున్నాను. ఉదాహరణకు ఈ ఒక్క రికార్డునే తీసుకున్నా, ఇదే తీరులో వచ్చిన మరే సంకలనానికైనా ఈ పద్ధతి వర్తిస్తుంది.

ముందుగా పేరును విడదీసి చదవండి

అట్ట మీది పేరులో మూడు ముక్కలున్నాయి. ఒక్కొక్కదాన్ని విడిగా పరీక్షించాలి.

మొదటి ముక్క 'బర్నింగ్ లవ్'. ఇది నిజంగానే పెద్ద హిట్టు. డెనిస్ లిండ్ రాసిన ఈ పాటను ఎల్విస్ కంటే ముందు ఆర్థర్ అలెగ్జాండర్ రికార్డు చేశారు. ఎల్విస్ దీన్ని 1972 మార్చి 28న హాలీవుడ్‌లోని ఆర్‌సీఏ స్టూడియోలో పాడారు. ఆగస్టులో సింగిల్‌గా, అంటే ఒక్కో వైపు ఒక్కో పాట ఉండే చిన్న రికార్డుగా విడుదలైన ఈ పాట అక్టోబరుకల్లా, అమెరికాలో పాటల ఆదరణను కొలిచే బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో రెండో స్థానానికి చేరింది. దీన్ని మొదటి స్థానానికి ఎక్కనివ్వకుండా పైన నిలిచినది చక్ బెర్రీ పాట.

రెండో ముక్క 'హిట్స్ ఫ్రమ్ హిజ్ మూవీస్', అంటే ఆయన సినిమాలలోని హిట్టు పాటలు. ఇక్కడే జాగ్రత్త పడాలి. ఈ ఎల్పీలో ఉన్న ఎనిమిది సినిమా పాటలలో ఒక్కటి కూడా అమెరికాలో సింగిల్‌గా పట్టికకెక్కి పేరు తెచ్చుకున్నది కాదు. ఆయన సినిమాలకు పెద్ద హిట్టు పాటలు లేకపోలేదు. 'బ్లూ హవాయి' సినిమా ఎల్పీ ఒక్కటే ఇరవై వారాల పాటు బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల పట్టికలో మొదటి స్థానంలో ఉంది. కానీ ఆ సినిమా నుంచి ఈ సంకలనంలోకి తీసుకున్నది అందరికీ తెలిసిన పాటను కాదు, 'నో మోర్' అనే పాటను. కాబట్టి అట్ట మీద 'హిట్స్' అనే మాట కనిపించగానే వెనక్కి తిప్పి పాటల పట్టికను చదవడం అలవాటు చేసుకోవాలి.

మూడో ముక్క 'వాల్యూమ్ 2'. దీన్ని చూసి 'బర్నింగ్ లవ్' మొదటి భాగం ఎక్కడో ఉంటుందని వెతికేవారున్నారు. ఆ సంఖ్య సినిమా పాటల వరుసకు సంబంధించినది. మొదటి భాగం అదే 1972లో, అదే క్యామ్డెన్ లేబుల్ మీద 'ఎల్విస్ సింగ్స్ హిట్స్ ఫ్రమ్ హిజ్ మూవీస్, వాల్యూమ్ 1' అనే పేరుతో వచ్చింది. రెండో భాగం తయారయ్యే సమయానికి కొత్త సింగిల్ ఊపందుకోవడంతో, దాని పేరును ముందు అతికించి పాత వరుసనే కొనసాగించారు.

ఇలా ఎందుకు కూర్చారో అర్థం చేసుకోండి

ధర తక్కువగా ఉండాలంటే ఖర్చు తక్కువగా ఉండాలి. సినిమా పాటలు అప్పటికే రికార్డు చేసి భద్రపరచినవి కనుక వాటికి కొత్తగా స్టూడియో ఖర్చు లేదు. పైగా, 1909 నుంచి 1978 దాకా అమెరికా చట్టం ప్రకారం రికార్డు మీద వేసే ప్రతి పాటకూ ప్రచురణ హక్కుదారుకు చెల్లించవలసిన మొత్తం రెండు సెంట్లు. పన్నెండు పాటలు వేస్తే ఒక్కో రికార్డు మీద ఇరవై నాలుగు సెంట్లు, పది వేస్తే ఇరవై సెంట్లు. లక్షల ప్రతులు అమ్మే చోట ఆ నాలుగు సెంట్ల తేడా చిన్నది కాదు. చౌక ఎల్పీలలో పాటలు తరచుగా తొమ్మిదో పదో ఉండటానికి ఇదొక ముఖ్య కారణం.

ఈ ఎల్పీ రెండు వైపులూ కలిపి పాతిక నిమిషాల లోపే ముగుస్తుంది. అందులోని 'సాంటా లూసియా' పాట నిడివి నిమిషం పైచిలుకు మాత్రమే. కొన్నవారికి ఇది లోటుగా అనిపించవచ్చు, కానీ దీనిలో ఒక మేలు కూడా ఉంది. ఒక్కో వైపు పన్నెండు నిమిషాలకు అటూ ఇటూగా సంగీతమే ఉంటే గాళ్లను (ముల్లు నడిచే సన్నటి చాళ్లను) ఎడంగా, ధ్వని గట్టిగా పలికేలా చెక్కే వీలుంటుంది. ఇరవై అయిదు నిమిషాల సంగీతాన్ని ఒకే వైపు ఇరికించిన ఎల్పీతో పోలిస్తే, చిన్న నిడివి గలది శుభ్రంగా ఉన్నప్పుడు నిండుగా వినిపించడానికి ఎక్కువ అవకాశముంది.

ఇంకొక సంగతి ఈ రికార్డుకు నిజమైన విలువనిచ్చింది. 'బర్నింగ్ లవ్' స్టూడియో రికార్డింగును ఆర్‌సీఏ తన పూర్తి ధర ఆల్బమ్ దేనిలోనూ అప్పట్లో చేర్చలేదు. 1973 ఫిబ్రవరిలో వచ్చిన 'అలోహా ఫ్రమ్ హవాయి' ఆల్బమ్‌లో ఉన్నది వేదిక మీద పాడినది. అంటే ఆ నాడు ఎల్పీ మీద అసలు రికార్డింగు కావాలనుకున్న శ్రోతకు ఈ చౌక సంకలనమే దారి. అది బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల పట్టికలో 22వ స్థానం దాకా వెళ్ళడంలో ఆశ్చర్యమేమీ లేదు. సింగిల్ వెనుక వైపున ఉన్న 'ఇట్స్ ఎ మేటర్ ఆఫ్ టైమ్' కూడా ఇందులో ఉండటం వల్ల ఆ చిన్న రికార్డు రెండు వైపులూ దీనిలోనే దొరుకుతాయి. మొదటి వైపు 'బర్నింగ్ లవ్'తో, రెండో వైపు 'ఇట్స్ ఎ మేటర్ ఆఫ్ టైమ్'తో మొదలవుతాయి. సినిమా పాటలు ఒక్కో వైపు నాలుగేసి వాటి వెనుక వస్తాయి.

ప్రతి పాటనూ దాని సినిమా దగ్గరకు చేర్చండి

ఈ పనిలో ఎక్కువ సమయం గడపమని నా సలహా. ఒక కాగితం తీసుకుని పాట పేరు, సినిమా పేరు, సినిమా విడుదలైన సంవత్సరం రాసుకోండి. విడుదల క్రమంలో రాస్తే ఈ ఎల్పీ ఇలా కనిపిస్తుంది. 'టునైట్ ఈజ్ సో రైట్ ఫర్ లవ్' 1960 నాటి 'జి.ఐ. బ్లూస్' లోనిది. 'నో మోర్' 1961 నాటి 'బ్లూ హవాయి' లోనిది. 'వియ్‌ల్ బి టుగెదర్' 1962లో వచ్చిన 'గర్ల్స్! గర్ల్స్! గర్ల్స్!' నుంచి, 'గ్వాదలహారా' 1963లో వచ్చిన 'ఫన్ ఇన్ అకపుల్కో' నుంచి తీసుకున్నవి. 1964కు చెందినవి రెండు: 'కిసిన్ కజిన్స్' నుంచి 'టెండర్ ఫీలింగ్', 'వివా లాస్ వేగస్' నుంచి 'సాంటా లూసియా'. 'యామ్ ఐ రెడీ' 1966 నాటి 'స్పిన్‌అవుట్' లోనిది, 'ఐ లవ్ ఓన్లీ వన్ గర్ల్' 1967 నాటి 'డబుల్ ట్రబుల్' లోనిది.

ఈ జాబితా పూర్తయ్యాక, ఒక్కో పాట వరస ఎక్కడిదో విచారించండి. అప్పుడే ఈ ఎల్పీ తన అసలు స్వరూపాన్ని చూపిస్తుంది. 'టునైట్ ఈజ్ సో రైట్ ఫర్ లవ్' వరస ఫ్రెంచ్ స్వరకర్త ఓఫెన్‌బాక్ రాసిన 'టేల్స్ ఆఫ్ హాఫ్‌మన్' సంగీత నాటకంలోని పడవ పాట నుంచి వచ్చింది. 'నో మోర్' వరస స్పెయిన్‌కు చెందిన ఇరాదియేర్ కూర్చిన 'లా పలోమా'. 'టెండర్ ఫీలింగ్' వెనుక ఉన్నది అమెరికన్ జానపద గీతం 'షెనెండోవా'. 'ఐ లవ్ ఓన్లీ వన్ గర్ల్' వరస ఫ్రాన్సులో తరతరాలుగా పాడుకునే ఒక జానపద గీతానిది. 'సాంటా లూసియా' నేపుల్స్ నగరపు ప్రసిద్ధ గీతం. 'గ్వాదలహారా' మెక్సికోకు చెందిన పెపె గీసార్ రాసిన పాట. దాన్ని ఎల్విస్ స్పానిష్ భాషలోనే పాడారు.

ఎనిమిదింటిలో ఆరు పాటలు ఇలా పాత వరసల మీదనో, పరదేశపు పాటల మీదనో నిలబడి ఉన్నాయి. దీనికి రెండు కారణాలు చెప్పుకోవచ్చు. ఆ సినిమాలు కథను ఒక్కోసారి ఒక్కో ప్రాంతంలో నడిపేవి కాబట్టి, జర్మనీలో ఉన్న సైనికుడికి ఒక రకమైన వరస, మెక్సికో తీరంలో పాడే గాయకుడికి మరొక రకమైన వరస కావలసివచ్చేది. హక్కుల గడువు తీరిన పాత వరసకు కొత్త మాటలు రాస్తే ఆ కొత్త పాట హక్కులు ప్రచురణ సంస్థకు దక్కడం రెండో కారణం. ఎల్విస్‌కు ఈ పద్ధతి ఎంతో కలిసివచ్చింది: 1960లో 'ఓ సోలే మియో' అనే నేపుల్స్ గీతం వరసకు కొత్త మాటలతో పాడిన 'ఇట్స్ నౌ ఆర్ నెవర్', 1961లో మరో నేపుల్స్ గీతం మీద కూర్చిన 'సరెండర్' పట్టికల పైస్థానానికి చేరాయి. ఆ దారిలోనే నడిచినా అంత పేరు రాని పాటలు ఈ చౌక ఎల్పీలో ఉన్నాయి.

పాత వరసలతో చిక్కులు కూడా వచ్చేవి. హక్కుల సమస్య కారణంగా ఐరోపాలో 'జి.ఐ. బ్లూస్' ఆల్బమ్‌లో ఓఫెన్‌బాక్ వరస బదులు, వియన్నా స్వరకర్త స్ట్రాస్ వాల్ట్జ్ (ఒక రకం నృత్య సంగీతం) వరస మీద కూర్చిన 'టునైట్స్ ఆల్ రైట్ ఫర్ లవ్' అనే వేరే పాటను పెట్టారు. పేర్లు దాదాపు ఒకేలా ఉన్నా పాటలు వేరు. మీ జాబితాలో ఈ రెండింటినీ కలిపివేయకండి.

'సాంటా లూసియా' విషయంలో కూడా అంతే జాగ్రత్త అవసరం. 'వివా లాస్ వేగస్' సినిమాకు అప్పట్లో ఎల్పీ రాలేదు. నాలుగు పాటల చిన్న రికార్డు (ఈపీ) ఒకటి వచ్చింది, అందులో ఈ పాట లేదు. ఇది మొదట 1965 నాటి 'ఎల్విస్ ఫర్ ఎవ్రీవన్' అనే ఆల్బమ్‌లో చోటు చేసుకుంది. సినిమా పాట అయినంత మాత్రాన సినిమా ఆల్బమ్‌లో ఉంటుందని అనుకుని వెతికితే దొరకదు.

రెండు వరుసల్లో వినండి

మొదటిసారి రికార్డు ఉన్న క్రమంలోనే, మధ్యలో ముల్లు ఎత్తకుండా వినండి. 'బర్నింగ్ లవ్'లో రానీ టట్ డ్రమ్స్ ఉరకలు వేస్తుంటే, వెనుక స్టాంప్స్ బృందం గొంతులు కలుపుతుంటే, ముప్ఫై ఏడేళ్ళ ఎల్విస్ గొంతు రాపిడితో, వేగంతో దూసుకువస్తుంది. అది ముగిసిన వెంటనే 'టెండర్ ఫీలింగ్' నెమ్మదిగా మొదలవుతుంది. ఆ మార్పు చెవికి తగులుతుంది. తగలడం సహజం కూడా. రెండింటి మధ్య దాదాపు తొమ్మిదేళ్ళ దూరం ఉంది.

రెండోసారి పాటలను రికార్డు చేసిన కాలక్రమంలో వినండి. దీని కోసం ఎల్పీ మీద ముల్లును పదేపదే ఎత్తి దించవద్దు, అది గాళ్లకు హాని చేస్తుంది. ఫోనులో స్ట్రీమింగ్ జాబితాగా పేర్చుకుంటే సరిపోతుంది. 1960లో సైన్యం నుంచి తిరిగివచ్చిన పాతికేళ్ళ యువకుడి గొంతుతో మొదలుపెట్టి, 1961, 1962, 1963 పాటలను దాటి, 1966లో రికార్డు చేసిన 'యామ్ ఐ రెడీ', 'ఐ లవ్ ఓన్లీ వన్ గర్ల్' విని, చివరకు 1972 నాటి రెండు పాటల దగ్గర ఆగండి. మొదటి పాటలలో గొంతు తేలికగా, అంచులు నున్నగా ఉంటుంది. చివరి వాటిలో అదే గొంతు బరువెక్కి, మాటను బలంగా పట్టుకుంటుంది. పన్నెండేళ్ళలో ఒక గాయకుడి కంఠం ఎలా మారిందో పాతిక నిమిషాలలో వినిపించే సాధనం ఇంత చౌకగా మరొకటి దొరకదు. అమ్మకం కోసం చేసిన కూర్పు వినేవారికి ఇలా పాఠంగా మారడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

నా వరకు ఈ ఎనిమిదింటిలో 'నో మోర్', 'గ్వాదలహారా' పదేపదే వినదగినవి. 'నో మోర్'లో శ్వాసను పొదుపుగా వాడి సాగదీసిన స్వరాలున్నాయి. 'గ్వాదలహారా'లో తనది కాని భాషను ఎల్విస్ సంకోచం లేకుండా గొంతెత్తి పాడారు. 'ఐ లవ్ ఓన్లీ వన్ గర్ల్' మాత్రం సినిమా దృశ్యం లేకుండా నిలబడే పాటగా నాకు అనిపించలేదు.

కొనేముందు చూడవలసినవి

క్యామ్డెన్ పేరును ఆర్‌సీఏ 1953 నుంచి చౌక రికార్డులకు వాడింది. మాతృసంస్థకు మూలమైన విక్టర్ కంపెనీ న్యూజెర్సీ రాష్ట్రంలోని క్యామ్డెన్ నగరానికి చెందినది కావడం వల్ల ఆ పేరు వచ్చింది. అమెరికా ముద్రణకు సంఖ్య సీఏఎస్-2595. ఈ సంఖ్య అట్ట మీద, లేబుల్ మీద ఒకేలా ఉన్నదో లేదో చూసుకోండి. ఒక అట్టలో వేరొక రికార్డు పెట్టి అమ్మడం పాత రికార్డుల వ్యాపారంలో తరచుగా జరుగుతుంది, అన్నిసార్లూ ఉద్దేశపూర్వకంగా కాకపోయినా.

1975 నుంచి క్యామ్డెన్ ఎల్పీలను పిక్‌విక్ అనే మరో చౌక రికార్డుల సంస్థ తన పేరుతో తిరిగి విడుదల చేసింది. పాటలు వినడమే మీ ఉద్దేశమైతే పిక్‌విక్ ప్రతి చాలు. మొదటి ముద్రణ కావాలనుకునేవారు లేబుల్ మీద ఆర్‌సీఏ క్యామ్డెన్ పేరు చూసి, పిక్‌విక్ పేరున్నదాన్ని మొదటి ముద్రణ ధరకు కొనకూడదు. చేత్తో పట్టుకున్నప్పుడు రికార్డు పలచగా, వంగేలా ఉంటే అది లోపమని భయపడవద్దు. ఆ కాలంలో ఆర్‌సీఏ పలచటి రికార్డులనే ముద్రించేది.

రికార్డును వెలుతురు కింద ఏటవాలుగా పట్టుకుని చూడండి. వెంట్రుకంత గీతలు సాధారణంగా వినిపించవు. గోరుతో తాకితే తగిలే గీత తప్పకుండా టక్కుటక్కుమంటుంది. మధ్య రంధ్రం చుట్టూ లేబుల్ మీద సన్నటి గీతలు చాలా ఉంటే ఆ రికార్డును ఎక్కువసార్లు వాడారని అర్థం. మొదటి వైపు మొదటి పాట గాళ్లను ప్రత్యేకంగా పరిశీలించండి. ఇటువంటి సంకలనాలలో అందరూ ఆ పాటనే తిరగవేసి విని ఉంటారు కాబట్టి, రెండో వైపు మెరుస్తూ ఉండి మొదటి పాట మాత్రం బూడిద రంగుకు తిరిగిన ప్రతులు కనిపిస్తాయి. హిట్టు పాట కోసమే కొంటున్నవారికి అటువంటి ప్రతి పనికిరాదు.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు అమ్మేవారు 'నియర్ మింట్', 'వెరీ గుడ్ ప్లస్', 'వెరీ గుడ్' వంటి గ్రేడులు రాస్తారు. మాటలను చూసి 'గుడ్' అంటే బాగుందని అనుకోవద్దు. ఆ కొలమానంలో 'గుడ్' అంటే గీతలు పడి, రొద స్పష్టంగా వినిపించే రికార్డు. అట్ట గ్రేడు, రికార్డు గ్రేడు విడివిడిగా అడగండి. ఆ గ్రేడు చూసి ఇచ్చినదా, వాయించి విని ఇచ్చినదా అని కూడా అడగండి. విదేశం నుంచి తెప్పించుకుంటే రవాణా, కస్టమ్స్ ఖర్చులు రికార్డు ధరను మించిపోయే అవకాశం ఉంది. అటువంటప్పుడు ఒకటే తెప్పించుకోకుండా, ఇదే వరుసలోని మరో రెండు మూడు కలిపి తెప్పించుకోవడం మేలు.

ఇంటికి తెచ్చాక

మొదట శుభ్రం చేయండి. మెత్తటి బ్రష్షుతో దుమ్ము తుడిచి, డిస్టిల్డ్ వాటర్‌లో తడిపిన మైక్రోఫైబర్ గుడ్డతో గాళ్ల దిశలోనే గుండ్రంగా తుడవండి. లేబుల్‌కు తడి తగలనివ్వకండి. కుళాయి నీటిలోని లవణాలు ఆరాక గాళ్లలో మిగిలిపోతాయి కాబట్టి దాన్ని వాడవద్దు. పాత కాగితపు లోపలి కవరు చిరిగి ఉంటే కొత్తది మార్చండి. కానీ పాతదాన్ని పారేయకుండా అట్టలోనే ఉంచండి.

మన ప్రాంతపు వేసవి ఎల్పీలకు పెద్ద శత్రువు. ఎండలో నిలిపిన కారులో, పడమటి గోడ పక్కన, కిటికీ దగ్గర ఉంచిన రికార్డు వంగిపోతుంది. ఒక మే నెలలో మధ్యాహ్నం రెండు గంటల పాటు కిటికీ గట్టు మీద మరిచిపోయిన రికార్డును నేను మళ్ళీ వినలేకపోయాను. అంచు ఎంతగా లేచిందంటే ముల్లు మొదటి పాటలో నిలవలేదు. కోస్తా ఊళ్లలో వానకాలపు తేమకు అట్ట మీద, గాళ్లలో బూజు పడుతుంది. నేలకు ఎత్తుగా, గాలి ఆడే గది లోపలి గోడ దగ్గర, పుస్తకాలలాగా నిలువుగా పేర్చి ఉంచండి. ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే అడుగున ఉన్నవి బరువుకు దెబ్బతింటాయి.

మీ జాబితాలో ఈ రికార్డును రాసేటప్పుడు ఆల్బమ్ పేరుతో ఆగిపోవద్దు. లేబుల్, సంఖ్య, ముద్రణ, కొన్న చోటు, గ్రేడు రాసి, దాని కింద పది పాటలనూ, వాటిలో సినిమా పాటలకు సినిమా పేరు, సంవత్సరం చేర్చండి. 'బ్లూ హవాయి', 'జి.ఐ. బ్లూస్' ఎల్పీలు ఇప్పటికే మీ దగ్గర ఉంటే ఆ రెండు పాటలు మీకు రెండోసారి వచ్చినట్టే. ఎనిమిదింటిలో అయిదారు అలా పునరావృతమైతే ఈ ఎల్పీని కొత్త పాటలు రెండింటి కోసమే కొంటున్నారని తెలిసి నిర్ణయించుకోవచ్చు. సినిమా ఎల్పీలు ఏవీ లేనివారికి మాత్రం ఇది మంచి ప్రవేశ ద్వారం.

ఇది నచ్చినవారు తరువాత వెతకవలసినది ఇదే క్యామ్డెన్ లేబుల్ మీద దీని వెంటనే వచ్చిన 'సెపరేట్ వేస్'. దాని కూర్పు కూడా ఇలాగే ఉంటుంది: 1972 చివరి సింగిల్ రెండు వైపులూ ముందు పెట్టి, వాటి పక్కన 'వైల్డ్ ఇన్ ద కంట్రీ' సినిమా పాటలను, 1956 నాటి 'ఓల్డ్ షెప్' వంటి పాత రికార్డింగులను చేర్చారు. ఆ సింగిల్ వెనుక వైపు పాట 'ఆల్వేస్ ఆన్ మై మైండ్'.